ఎస్‌యూవీకి రన్‌ఫ్లాట్ టైర్లు: 80 కిలోమీటర్ల భరోసా దేవరకొండకు సరిపోతుందా?

కారు కొనేటప్పుడు మన వయసు వాళ్లం ముందుగా చూసేది టచ్‌స్క్రీన్ సైజు. ఆ తర్వాత అడాస్, సన్‌రూఫ్, సౌండ్ సిస్టమ్. టైర్ల గురించి షోరూమ్‌లో అడిగేవాళ్లు చాలా తక్కువ. కానీ ఈ మధ్య ఎస్‌యూవీ కొనాలనుకునే ఫ్రెండ్స్ తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "బ్రో, రన్‌ఫ్లాట్ టైర్లు వేయిస్తే పంక్చర్ అయినా బండి ఆగదంట కదా. స్టెప్నీ గోల కూడా ఉండదు. వేయించేద్దామా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మీ తిరుగుడంతా హైదరాబాద్ సిటీలోనే అయితే ఆలోచించొచ్చు. కానీ నాలాగా ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు దేవరకొండలో ఉండి, వారం వారం ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లయితే వద్దు. ఆ డబ్బుతో ఫుల్ సైజ్ స్టెప్నీ, మంచి టీపీఎంఎస్, ఒక ఎయిర్ ఇన్‌ఫ్లేటర్ పెట్టుకోండి. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం. ఆల్రెడీ రన్‌ఫ్లాట్ ఉన్న బండి మీ దగ్గరుంటే దాన్ని ఎలా చూసుకోవాలో కూడా చివర్లో చెప్తాను.

రన్‌ఫ్లాట్ అసలు ఎలా పనిచేస్తుంది?

మామూలు ట్యూబ్‌లెస్ టైర్‌లో బండి బరువును మోసేది లోపలున్న గాలి. గాలి పోతే సైడ్‌వాల్, అంటే టైర్ పక్క గోడ, మడతపడిపోతుంది. రిమ్ వచ్చి దాని మీద కూర్చుంటుంది. అలాగే కొంచెం దూరం నడిపితే టైర్ చిరిగిపోతుంది, రిమ్ కూడా పాడవుతుంది.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే రన్‌ఫ్లాట్లలో సైడ్‌వాల్ లోపల గట్టి రబ్బరు పొర అదనంగా ఉంటుంది. గాలి మొత్తం పోయినా ఆ గోడే కాసేపు బండి బరువును మోస్తుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. టైర్ పక్కన బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జెడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్ అని రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎస్‌యూవీ చూస్తున్నవాళ్లు ఈ అక్షరాలు తప్పకుండా వెతకండి. నాలుగు టైర్ల మీదా ఒకటే ఉందా, మధ్యలో ఎవరైనా ఒకటి రెండు మామూలు టైర్లు మార్చారా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఈ టెక్నాలజీ కొత్తదేం కాదు. అమెరికాలో షెవర్లే కార్వెట్‌కు 1994లోనే ఆప్షన్‌గా ఇచ్చారు. మన దగ్గర చాలాకాలం బీఎండబ్ల్యూ, మినీ లాంటి బండ్లకే ఇది పరిమితం. 2025లో సియట్ కూడా తన స్పోర్ట్‌డ్రైవ్ రేంజ్‌లో రన్‌ఫ్లాట్లు తెచ్చింది. కాబట్టి ఈ ప్రశ్న ఇక డబ్బున్నవాళ్లది మాత్రమే కాదు. నెమ్మదిగా మన దాకా కూడా వస్తుంది.

అందరూ చెప్పే 80, ఎవరూ వివరించని 80

రన్‌ఫ్లాట్ గురించి ఏ బ్రోషర్ చూసినా ఒకే లైన్ కనిపిస్తుంది. గాలి పూర్తిగా పోయాక గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్ దాటకుండా 80 కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చు. అంతర్జాతీయ టైర్ నిబంధనల్లో కూడా రన్‌ఫ్లాట్‌ను కొలిచేది ఈ రెండు నంబర్లతోనే.

ఫోన్‌కు ఐపీ68 రేటింగ్ ఉందంటే ఈతకొలనులో వీడియోలు తీసుకోవచ్చని కాదు కదా. ల్యాబ్‌లో, మంచినీళ్లలో, ఇంత లోతులో, ఇంతసేపు అని కండిషన్లు ఉంటాయి. ఇదీ అంతే. గాలి లేకుండా నడిచేటప్పుడు సైడ్‌వాల్ తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంటుంది. ఆ వంగుడు వల్ల వేడి పుడుతుంది. ఆ వేడే టైర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. బండిలో ఏడుగురు కూర్చుని, డిక్కీలో బత్తాయి బస్తాలు వేసుకుని, మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న తారు మీద వెళ్తుంటే అదే 80 మీకు రాకపోవచ్చు. కొన్ని కార్ల కంపెనీలు ఫుల్ లోడ్‌తో వెళ్తే ఇంకా తక్కువ దూరమే అని ఓనర్ మాన్యువల్‌లో రాస్తాయి. మీ బండి మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి తెరిచి చూడండి.

ఇంకో మాట. రన్‌ఫ్లాట్ అంటే పంక్చర్ కాని టైర్ కాదు. మేకు దిగితే దీనికీ పంక్చర్ అవుతుంది. సైడ్‌వాల్ పెద్దగా కోసుకుపోతే ఇదీ ఆగిపోతుంది. గాలి పోయాక కొంత టైమ్ ఇస్తుంది, అంతే.

దేవరకొండ లెక్క

ఇప్పుడు ఆ 80ని మన మ్యాప్ మీద పెట్టి చూద్దాం. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. దేవరకొండలో బయల్దేరగానే టైర్ గాలి పోయిందనుకుందాం. అన్నీ కలిసొచ్చి 80 కిలోమీటర్లూ పూర్తిగా వచ్చినా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలే ఆగిపోతాం. సిటీలోని షాపుకు ఇంకా దాదాపు 30 కిలోమీటర్లు మిగిలే ఉంటుంది.

"నల్గొండకు వెళ్లొచ్చు కదా, 60 కిలోమీటర్ల లోపే" అంటారు. వెళ్లొచ్చు. కానీ అక్కడ మీ సైజ్‌లో, మీ లోడ్ ఇండెక్స్‌లో రన్‌ఫ్లాట్ ఆ రోజే స్టాక్‌లో ఉంటుందా? 19 అంగుళాల రన్‌ఫ్లాట్ అంటే హైదరాబాద్‌లోనే చాలా షాపులు ఆర్డర్ పెట్టి తెప్పిస్తాయి. అందాకా బండి అక్కడే ఆగాలి. స్టెప్నీ లేదు కాబట్టి ముందుకూ పోలేరు, వెనక్కీ రాలేరు.

అదే ఫుల్ సైజ్ స్టెప్నీ ఉంటే? జాకీ, పానా తీసి అరగంటలో మార్చుకుంటాం. ఆ తర్వాత దూరానికి లిమిట్ లేదు, స్పీడ్‌కు ప్రత్యేకంగా లిమిట్ లేదు. ఇది చిన్న తేడా కాదు. మా వైపు పెద్ద జబ్బు చేస్తే చాలామంది పరుగెత్తేది హైదరాబాద్ ఆసుపత్రులకే. ఇంట్లో పెద్దాయనకు రాత్రి రెండింటికి గుండెనొప్పి వచ్చి బండి తీశామనుకోండి. అప్పుడు కావాల్సింది 80 దగ్గర ఆగిపోయే బండి కాదు, ఆసుపత్రి గేటు దాకా వెళ్లే బండి.

ఒక్క దారిలో మాత్రం రన్‌ఫ్లాట్‌కే నా ఓటు

అవతలి వాదన కూడా న్యాయంగా చూడాలి. దేవరకొండ నుంచి డిండి మీదుగా శ్రీశైలం రోడ్డు ఎక్కామనుకోండి. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాక దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. సాయంత్రం పొద్దుగూకే వేళ ఆ మలుపుల్లో గాలి పోతే, పిల్లల్ని బండిలో ఉంచి దిగి జాకీ పెట్టడం అంత తేలికైన పని కాదు. సరైన షోల్డర్ లేని చోట వెనక నుంచి వచ్చే బస్సుల భయం వేరే.

అక్కడ రన్‌ఫ్లాట్ నిజంగా పనికొస్తుంది. ఎలాగూ అడవిలో నెమ్మదిగానే వెళ్లాలి కాబట్టి 80 స్పీడ్ లిమిట్ అడ్డం కాదు. 60 కిలోమీటర్ల అడవికి 80 కిలోమీటర్ల రేంజ్ సరిపోతుంది. రాత్రిపూట ఒంటరిగా డ్రైవ్ చేసే అమ్మాయిలకు కూడా ఇది గట్టి పాయింటే. బండి దిగకుండా వెలుతురు, మనుషులు ఉన్న చోటికి చేరుకోవడం అనేదానికి విలువ కట్టలేం. హైవే స్పీడ్‌లో ఒక్కసారిగా గాలి పోయినా స్టీరింగ్ అదుపులో ఉంచుకోవడం దీంతో తేలిక.

కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే శ్రీశైలం కోసం ఏడాది పొడవునా వెళ్లే హైదరాబాద్ రోడ్డును మర్చిపోలేం కదా.

మావైపు టైర్లు ఎలా పాడవుతాయి?

టైర్ కొనేముందు మన టైర్లు దేనివల్ల పోతున్నాయో తెలియాలి. దేవరకొండ చుట్టూ తండాల రోడ్లు, బత్తాయి తోటల బాటలు, పత్తి చేల గట్లు ఉంటాయి. అక్కడ మొదటి శత్రువు ముల్లు. తుమ్మ, సర్కారు తుమ్మ కంపను కంచెలకు వేస్తారు. ఎండిన ముళ్లు బాట మీద పడి ఉంటాయి. ఇవి టైర్ ట్రెడ్‌లో దిగితే గాలి ఒక్కసారిగా పోదు. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

ఇలాంటి పంక్చర్‌కు రన్‌ఫ్లాట్ అవసరమే లేదు. మామూలు ట్యూబ్‌లెస్ చాలు. ముందుగా తెలిస్తే ఇన్‌ఫ్లేటర్‌తో గాలి కొట్టుకుని దగ్గరలో ఉన్న పంక్చర్ షాపుకు వెళ్లొచ్చు. ఒకటి రెండు వందల్లో పని అయిపోతుంది. ముందుగా తెలియడమే ఇక్కడ ముఖ్యం. ఆ పని చేసేది టీపీఎంఎస్.

రెండో శత్రువు రాయి. మాది గ్రానైట్ నేల. రోడ్డు అంచు విరిగిన చోట, కంకర టిప్పర్లు తిరిగే చోట పదునైన రాళ్లు ఉంటాయి. ఎదురుగా లారీ వస్తే రోడ్డు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అప్పుడు దెబ్బ తగిలేది సైడ్‌వాల్‌కు. అది తెగితే మామూలు టైర్‌నైనా, రన్‌ఫ్లాట్‌నైనా పంక్చర్ షాపులో బాగు చేయలేరు. కొత్త టైర్ వేయాల్సిందే. కొత్త టైర్ దొరికేదాకా బండిని నడిపించేది స్టెప్నీ.

మూడోది గుంత. రన్‌ఫ్లాట్ సైడ్‌వాల్ గట్టిది కాబట్టి దెబ్బను తను తక్కువ మింగి, రిమ్‌కు, సస్పెన్షన్‌కు, చివరికి మన నడుముకు ఎక్కువ పంపిస్తుంది. అందుకే రన్‌ఫ్లాట్ బండ్లలో రైడ్ గట్టిగా ఉందని ఓనర్లు చెప్తుంటారు. సిటీ ఫ్లైఓవర్ మీద తెలియకపోవచ్చు. మాల్ దాటాక బాగలేని రోడ్డు తగిలితే తెలుస్తుంది.

సర్వీస్ లేని టెక్నాలజీ ఏమవుతుంది?

మన గాడ్జెట్ ప్రపంచంలో ఈ కథ చాలాసార్లు చూశాం. స్పెక్స్ అదిరిపోయే ఫోన్ తెప్పించుకుంటాం. డిస్‌ప్లే పగిలితే పార్ట్ దొరకదు, సర్వీస్ సెంటర్ ఉండదు. టైర్లలో కూడా ఇదే జరిగింది. మిషెలిన్ ప్యాక్స్ అని ఒక సిస్టమ్ తెచ్చింది. టైర్ లోపల రిమ్ చుట్టూ ఒక రింగ్ ఉండేది. గాలి పోతే బండి ఆ రింగ్ మీద నడిచేది. ఇంజనీరింగ్ పరంగా చాలా మంచి ఐడియా. అమెరికాలో 2005 మోడల్ హోండా ఒడిస్సీ టాప్ వేరియంట్‌లో దాన్ని ఇచ్చారు. కానీ ఆ టైర్ విప్పడానికి ప్రత్యేకమైన మెషిన్ కావాలి. అవి ఉన్న షాపులు తక్కువ, టైర్ ఖరీదు ఎక్కువ. ఓనర్లు కోర్టుకెక్కారు. చివరికి మిషెలిన్ ఆ సిస్టమ్ మీద పని ఆపేసింది. అమెరికాలోనే అలా జరిగిందంటే తాలూకా టౌన్ సంగతి ఆలోచించండి.

ఇప్పటి రన్‌ఫ్లాట్లకు అంత ఇబ్బంది లేదు. కానీ గట్టి సైడ్‌వాల్ వల్ల రిమ్ నుంచి విప్పాలన్నా, ఎక్కించాలన్నా అదనపు చేతులున్న టైర్ ఛేంజర్ మెషిన్ కావాలి. రాడ్లు పెట్టి బలంగా లాగితే అంచు తెగుతుంది, లేదా లోపలున్న టీపీఎంఎస్ సెన్సర్ విరుగుతుంది. పంక్చర్ షాపు అన్న పనితనంలో లోపం లేదు, అక్కడ ఆ మెషిన్ ఉండదు, అంతే. కాబట్టి టైర్ కొనేముందు మీ ఊరికి 50 కిలోమీటర్ల లోపల దాన్ని విప్పగలిగే షాపు ఉందా అని ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే ఆ టైర్ మీకు కాదు.

మరి ఎవరు ఏం తీసుకోవాలి?

మామూలు ఎస్‌యూవీ, స్టెప్నీ ఉన్నది: కంపెనీ ఇచ్చిన సైజ్‌లోనే మంచి ట్యూబ్‌లెస్ టైర్లు వేయించండి. లోడ్ ఇండెక్స్ తగ్గించొద్దు. రన్‌ఫ్లాట్ పెట్టాలని డబ్బు పోయొద్దు. ఆ బండి సస్పెన్షన్‌ను, రిమ్‌ను కంపెనీ దానికోసం డిజైన్ చేయలేదు.

రన్‌ఫ్లాట్‌తో వచ్చిన లగ్జరీ ఎస్‌యూవీ: సిటీలోనే ఎక్కువగా తిరిగితే అవే ఉంచండి. ఊరి ప్రయాణాలు ఎక్కువైతే, టైర్లు అరిగాక అదే సైజ్‌లో మామూలు టైర్లకు మారడం గురించి డీలర్‌తో మాట్లాడండి. మారితే మాత్రం డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానా తప్పనిసరి. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలు అని కలపొద్దు. బ్రేకింగ్, మలుపుల్లో పట్టు తేడా వస్తాయి.

స్టెప్నీ లేకుండా రిపేర్ కిట్‌తో వచ్చిన బండి: కిట్‌లోని సీలెంట్ ట్రెడ్‌లో పడ్డ చిన్న రంధ్రానికే పనిచేస్తుంది. సైడ్‌వాల్ తెగితే అది పనికిరాదు. ఊరికి వెళ్లే రోజైనా ఒక స్టెప్నీ వెంట వేసుకోండి.

రన్‌ఫ్లాట్ ఉంటే ఇలా చూసుకోండి

గాలి చూడటం: రన్‌ఫ్లాట్‌లో గాలి పోయినా చూడటానికి టైర్ మామూలుగానే కనిపిస్తుంది. కాలితో తన్ని చూస్తే తెలియదు. రెండు వారాలకోసారి గేజ్ పెట్టి చూడాల్సిందే. అదీ ఉదయం, బండి తీయకముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఫుల్ లోడ్‌కు వేరే నంబర్ ఉంటుంది, అదీ చూడండి.

ఎండకాలం లెక్క: ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం పంపు దగ్గర చూసి "ఎక్కువైంది" అని తీసేయొద్దు. చల్లబడ్డాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో పరుగెత్తితే టైర్ ఇంకా వేడెక్కుతుంది. ఎండకాలంలో టైర్లు పేలడానికి ఇదో ముఖ్య కారణం.

టీపీఎంఎస్: రెండు రకాలుంటాయి. ఒకటి ప్రతి టైర్‌లో సెన్సర్ పెట్టి నేరుగా పీఎస్ఐ చూపిస్తుంది. ఇంకోటి ఏబీఎస్ సెన్సర్లతో చక్రాల వేగంలో తేడాను చూసి అంచనా వేస్తుంది. రెండో రకంలో నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా తగ్గితే వార్నింగ్ రాకపోవచ్చు. గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ కూడా చేయాలి. మొదటి రకం సెన్సర్లలో బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది. టీపీఎంఎస్ పనిచేయని బండిలో రన్‌ఫ్లాట్ ప్రమాదం. గాలి లేదని తెలియకుండానే 120లో వెళ్తుంటారు.

లైట్ వెలిగితే: వెంటనే 80 కంటే తక్కువకు దిగండి. ట్రిప్ మీటర్ జీరో చేసి అక్కడి నుంచి దూరం లెక్కపెట్టండి. బరువు తగ్గించగలిగితే తగ్గించండి. గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు వద్దు.

రిపేర్: గాలి పూర్తిగా పోయాక నడిచిన రన్‌ఫ్లాట్‌కు బయట నుంచి స్ట్రిప్ గుచ్చి వదిలేయొద్దు. విప్పి లోపల చూడాలి. లోపల రబ్బరు పొడి రాలినా, సైడ్‌వాల్ చుట్టూ గీతలా కాలినట్టు ఉన్నా ఆ టైర్ పని అయిపోయినట్టే. చాలా కంపెనీలు అలాంటి టైర్‌ను రిపేర్ చేయొద్దనే అంటాయి. అంటే మామూలు టైర్‌కు రెండు వందల్లో పోయే ముల్లు దీనికి కొత్త టైర్ ఖర్చు తేవచ్చు.

అరుగుదల, వయసు: చట్టం ప్రకారం ట్రెడ్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానాకాలంలో పట్టు కావాలంటే 3 దగ్గరే మార్చడం మంచిది. టైర్ మీద చివర నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. కొత్త టైర్ అని పాత స్టాక్ అంటగట్టకుండా ఇది చూసుకోండి. స్టెప్నీ మీద కూడా చూడండి. 10,000 కిలోమీటర్లకోసారి టైర్ రొటేషన్, అలైన్‌మెంట్ చేయించండి.

నైట్రోజన్: ఉంటే మంచిదే, లేకపోతే కంగారు వద్దు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో నడపడం మాత్రం తప్పు.

షోరూమ్‌లో ఈ ప్రశ్న అడగండి

స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లనెలీ ఊళ్లో ఉన్న ఒక వీధి పేరు నుంచి వచ్చింది. 1904లో అక్కడ స్పేర్ వీల్ తయారుచేశారు. ఆ పేరు దేవరకొండ పంక్చర్ షాపు దాకా వచ్చి మన మాటైపోయింది. ఇప్పుడు అది నెమ్మదిగా బండ్లలోంచి మాయమవుతోంది. 2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ బండ్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వాల్సిన అవసరం లేదు. 2020 అక్టోబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది.

కంపెనీలకు ఇది లాభమే. బరువు తగ్గుతుంది, డిక్కీ పెరుగుతుంది, ఎలక్ట్రిక్ బండ్లలో బ్యాటరీకి చోటు దొరుకుతుంది. రోడ్ సైడ్ అసిస్టెన్స్ గంటలో వచ్చే సిటీలో ఇబ్బంది లేదు. కానీ అదే బండిని వీకెండ్‌కు ఊరికి తీసుకెళ్లేవాళ్లం మనం. మనకు ఆ సర్వీస్ ఎంతసేపట్లో వస్తుందో కంపెనీ ఏ స్పెక్ షీట్‌లోనూ రాయదు.

అందుకే ఈసారి టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు స్క్రీన్ తర్వాత డిక్కీ ఫ్లోర్ ఎత్తి చూడండి. స్టెప్నీ ఉందా? ఫుల్ సైజా, లేక 80 స్పీడ్ దాటకూడని సన్నటి టెంపరరీ టైరా? జాకీ, పానా ఉన్నాయా? లేకపోతే యాక్సెసరీగా ఇస్తారా, ఎంత తీసుకుంటారు? ఈ ప్రశ్నలు బుకింగ్ డబ్బులు కట్టకముందే అడగండి. అడిగేవాళ్లు ఉన్నంతవరకే కంపెనీలు ఆ చక్రాన్ని బండిలో పెడతాయి.